పూల దుప్పటి కింద

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఆ రోజు ఇంట్లో తిరపతమ్మ, ఆమె భర్త సాంబయ్య, అత్త సౌభాగ్యమ్మ, పదో తరగతి చదివే కూతురు హారిక ఉన్నారు. పరామర్శకని వచ్చిన ఆడపడుచు వెంకాయమ్మ కూడా ఉంది. ఆమె కూర్చున్నది నా మీదే. నా ఖర్మ!

అచ్చులోంచి బయటపడ్డప్పుడు ఎర్రగా మెరిసేదాన్ని. షామియానాల కొట్టువాడు కొని, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పాడు. పప్పన్నం తిన్న చేతులు నాకే తుడిచి, ఆనక నేను జిడ్డుగా ఉన్నానని పక్కకు నెట్టేవారు మనుషులు. రంగు వెలిశాక సాంబయ్య ఇంటికి చేరాను.

తిరపతమ్మకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వచ్చింది. పట్నంలో రేడియేషన్ ఇచ్చారు. ఊళ్ళో దాన్ని కరెంటు పెట్టడం అంటారు. జబ్బు లొంగింది కానీ మూత్రం ఆగడం మానేసింది. గొంతుక్కూర్చుంటే లేవలేదు. దొడ్డి చివరికి వెళ్ళేలోపే చీర తడిసేది. అందుకే సాంబయ్య రంపంతో నా నడుమ గుండ్రంగా కంత కోసి, కింద బకెట్ పెట్టాడు. పెళ్ళిపందిళ్ళలో దొరకని గౌరవం నాకు అప్పుడు దొరికింది.

అదే సౌభాగ్యమ్మకు నామోషీ. ఎవరొచ్చినా బకెట్ దాచి, నా మీద దిండు వేసి, పూల దుప్పటి కప్పుతుంది. ఇంట్లో మెత్తగా కనిపించేది నేనే. వచ్చినవాళ్ళు వదులుతారా?

"రోగం పోయిందిగా, ఇంకా మొహం అట్టా పెట్టావేందే? కాస్త నవ్వు!" అంది వెంకాయమ్మ.

మంచం మీద తిరపతమ్మ కాళ్ళు బిగించుకుని కూర్చుంది. నుదుటి నిండా చెమట.

"అత్తా, అరుగు మీద చల్లగా ఉంటది, రా," అంది హారిక.

"ఇక్కడే బాగుందే. కుర్చీ భలే మెత్తగా ఉంది," అంటూ వెంకాయమ్మ ఇంకాస్త దిగబడింది.

సౌభాగ్యమ్మ పకోడీలు తెచ్చింది. ఇప్పుడు పకోడీలా! సాంబయ్యేమో పైకప్పు వంక చూస్తున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

చివరికి తిరపతమ్మే లేచింది.

"లెగు వదినా. అది నేను ఉచ్చకి కూర్చునే కుర్చీ. నాకు ఆగట్లేదు."

వెంకాయమ్మ పకోడీతో సహా ఎగిరి నిలబడింది. "ఓయమ్మో! ముందే చెప్పొద్దా!"

"చెప్పనిచ్చిందెవరు?"

హారిక దిండు లాగిపారేసి, నన్నూ బకెట్‌నూ లోపలి గదిలో పెట్టి వెళ్ళింది. తిరపతమ్మ గబగబా లోపలికొచ్చింది. సౌభాగ్యమ్మ గొణుగుతూ గుమ్మం దాకా వచ్చింది.

"నలుగురిలో ఏం మాటలే అవి? పరువు పోయె!"

"నలుగురి కోసం రోజూ చీర తడుపుకోనా అత్తయ్యా?"

అని, తిరపతమ్మ ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.