పళ్ల మధ్య మూత

రేపు తెల్లారితే అక్క వీపు ఈ వీపు కాదు. డాక్టర్లు కోసి, కడ్డీలు బిగించి నిలబెడతారు. నొప్పి పోతుంది, మంచిదే. కానీ అమ్మానాన్నా లేని చెల్లెల్ని పెంచడానికి ముప్ఫై ఏళ్లు కుట్టుమిషను మీద వంగిన ఆ వీపు ఇక కంటికి కనపడదు. అందుకే చెల్లెలు పట్టుబట్టింది, ఈ మధ్యాహ్నమే దాన్ని ఫోటో తీసి తీరాలని.

"వంకర వీపుకి ఫోటో ఏమిటే, నీ మొహం," అంటూనే అక్క రవిక విప్పి, దుప్పటి ముందుకు కప్పుకుని, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది.

చెల్లెలిది ఫోటో స్టూడియో. ఇరవై ఏళ్లుగా పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ చెయ్యి తిరిగిన మనిషి. అలాంటిది పన్నెండు తీసింది, పన్నెండూ దండగే. ప్రతి దాంట్లోనూ అక్క ఊపిరి బిగబట్టి, నిటారుగా, ఎవరో పరాయి మనిషిలా ఉంది.

"అబ్బ, మామూలుగా కూర్చో అక్కా. ఎందుకట్లా బిగుసుకుపోతావు?"

"బాగుందమ్మా వరస. 'భుజాలు సమంగా పెట్టు' అని క్షణానికోసారి అంటున్నది నువ్వే కదే."

చెల్లెలు తెల్లబోయింది. నిజమే. కెమెరా కంటికి ఆనించగానే నోరు దానంతటదే ఆ మాట అనేస్తోంది. స్టూడియోకి వచ్చినవాళ్లందర్నీ సరిచేసి సరిచేసి, చివరికి అక్కనీ సరిచేస్తోంది. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఎండ కిటికీ దాటిపోతోంది. అయినా వదల్లేదు. జేబులోంచి లెన్సు మూత తీసి పళ్ల మధ్య గట్టిగా కరిచిపట్టుకుంది. ఇక ఈ నోరెలా లేస్తుందో చూద్దాం అనుకుంది. బీరువాలోంచి చంక చిరిగిన తన చొక్కా, సూదీ దారం తెచ్చి అక్క ఒళ్లో పడేసింది.

"ఇంత దానివయ్యావు, ఇంకా బట్టలు చింపుకోవడమేనా," అని గొణుక్కుంటూ అక్క సూదిలో దారం ఎక్కించింది. రెండు కుట్లు పడ్డాయో లేదో, వీపు వంగింది. కుడి భుజం కిందికి జారింది. వెన్నుపూసలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే చెల్లెలు చెంప ఆనించి పడుకున్న వీపు అదే. చెల్లెలు కెమెరా ఎత్తి కంటికి ఆనించింది.

నొక్కింది. మళ్లీ నొక్కింది.

అక్క దారం కొరికి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఏమే, భుజం సరిచేసుకోమనవేం?"

చెల్లెలికి కళ్లనీళ్లు ఆగడం లేదు. మూత పళ్ల మధ్యే ఉంది. తల అడ్డంగా ఊపింది. అక్కకి అది కనపడదని గుర్తొచ్చి, చప్పుడైనా వినపడుతుందని ఇంకోసారి నొక్కింది.