ఎల్సా ప్రార్థన అంశం

మా సంఘం స్త్రీల కూడికలో ప్రార్థన అంశాల నోటుబుక్కు నా దగ్గర ఉంటుంది. చేతిరాత బావుందని పన్నెండేళ్ళ కిందట అప్పగించారు. తర్వాత దాన్ని నా చేతిలోంచి తీసుకున్నవాళ్ళు లేరు. మేమంతా కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సులుగా చేస్తున్నవాళ్ళమే. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. పాట, బైబిలు వాక్యం అయ్యాక వరసగా ఒక్కొక్కరూ తమ అంశం చెబుతారు. చెబుతున్నంతసేపూ మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. సలహాలు అసలే ఇవ్వకూడదు. అది మా కట్టుబాటు. చెప్పింది నేను ఎడమ పేజీలో రాస్తాను. జవాబు వస్తే కుడి పేజీలో తారీఖు వేస్తాను. ఉద్యోగాలకూ కాన్పులకూ తారీఖులు బాగానే పడ్డాయి. మోకాళ్ళ నొప్పులకు మాత్రం కుడి పేజీ ఎప్పుడూ ఖాళీయే.

ఎల్సా అంశం ఎల్సా చెప్పేది కాదు. కుమారి ఆంటీ చెప్పేవారు. "మా ఎల్సా మనసు నిలకడగా ఉండాలి. ప్రార్థించండి." ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు రాశానో ఈమధ్య వెనక్కి తిప్పి చూశాను. పదకొండుసార్లు.

ఎల్సాను ఢిల్లీకి తీసుకొచ్చింది నేనే. మాది నిజాంపట్నం పక్కన పల్లె, వాళ్ళది మా వీధే. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఘాజియాబాద్‌లో ఉండే కుమారి ఆంటీ మంచాన పడిన అత్తగారిని చూసుకోడానికి నమ్మకమైన పిల్ల కావాలన్నారు. ఆవిడ పూర్తి పేరు ఆనందకుమారి, పెద్ద ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటు. ఢిల్లీలో నాకు మొదటి ఉద్యోగం చూపించింది ఆవిడే, మొదటి ఆరు నెలలు అన్నం పెట్టిందీ ఆవిడే. అలాంటి మనిషి అడిగితే కాదని ఎలా అంటాను? ఎల్సా వాళ్ళమ్మకు నేనే మాటిచ్చాను. "మనోళ్ళ ఇల్లే పిన్నీ. నేను చూసుకుంటా గదా" అన్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళలో నేను చూసుకున్నది ఏమీ లేదు. వాళ్ళింట్లో కూడిక పడినప్పుడు ఎల్సా ఇచ్చిన టీ తాగాను. అంతే.

ఆంటీవాళ్ళది తొమ్మిదో అంతస్తు. ఉదయం ఆంటీ, ఆర్మీలో సుబేదారుగా రిటైరై సెక్యూరిటీ ఏజెన్సీలో చేరిన ఆవిడ భర్త ఎడ్వర్డ్ అంకుల్, ఇద్దరూ పనికి వెళ్తూ బయటి జాలీ తలుపుకు తాళం వేసుకుపోయేవారు. లోపల ముసలావిడ, ఎల్సా. ఎల్సా ఫోను ఆంటీ గదిలో ఛార్జింగులో ఉండేది. ఎప్పుడు చూసినా ఛార్జింగులోనే. ఆధార్ కార్డు పోతుందేమోనని బీరువాలో దాచారు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ ఇంట్లో మంచినీళ్ళు ఎక్కడుంటాయో తెలిసినట్టే తెలుసు.

పోయినేడాది మా ఆసుపత్రిలో నర్సులందరికీ ఒక గంట క్లాసు పెట్టారు. రోగులతో వచ్చేవాళ్ళలో ఎవరైనా వెట్టిచాకిరీలో ఉన్నారేమో ఎలా గుర్తుపట్టాలని. కాగితాలు తన దగ్గర ఉండవు, ఫోను ఉండదు, ఒంటరిగా బయటికి రాదు, ఏదడిగినా బదులు ఇంకొకరు చెబుతారు. చివర్లో పరీక్ష పెట్టారు. నాకు పదికి పది వచ్చాయి. సర్టిఫికెట్ ఫోటో తీసి సంఘం గ్రూపులో పెడితే కుమారి ఆంటీయే అందరికంటే ముందు శుభాకాంక్షలు పంపారు. మరుసటి శనివారం వాళ్ళింట్లోనే కూడిక. వెళ్ళాను, టీ తాగాను, వచ్చాను.

అదే ఏడాది ఎల్సా వాళ్ళమ్మ గుండెపోటుతో పోయింది. చెల్లెలి ఫోను కలవక అన్న సిలాసు నాకు చేశాడు. నేను ఆంటీకి చెప్పాను. "అత్తయ్యకు ఇప్పుడు మరీ సీరియస్‌గా ఉంది ఆరాధనా. ఈ పిల్ల వెళ్తే ఎవరు చూస్తారు? నేను మెల్లగా చెబుతాలే" అన్నారు. సిలాసుకు నేను చెప్పింది, "దానికి లీవు దొరకలేదు నాయనా" అని. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట. సమాధి అయిపోయింది. తర్వాత వాళ్ళింట్లో కూడికకు వెళ్ళినప్పుడు ఎల్సా నవ్వుతూ టీ ఇస్తే, ఇంకా చెప్పలేదు కాబోలు అనుకున్నాను. ఆ పై కూడికకు కూడా అలాగే అనుకున్నాను. ఆ పైన అనుకోవడం కూడా మానేశాను.

మొన్న శనివారం కూడిక మళ్ళీ వాళ్ళింట్లోనే. ఆంటీకి థైరాయిడ్ ఆపరేషన్ అయి వారమైంది. పదిహేను రోజులు మాట్లాడకూడదన్నారు డాక్టర్లు. ఏం కావాలన్నా చిన్న పుస్తకం మీద రాసి చూపిస్తున్నారు. వరస వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న ఎల్సా దాకా వచ్చింది. ఆంటీ పెన్ను అందుకునేలోపే కొత్తగా చేరిన హారిక, ఇక్కడి సంగతులేవీ తెలియని పిల్ల, "నువ్వు చెప్పు ఎల్సా" అంది.

ఎల్సా అందరివైపూ ఓసారి చూసింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూరగాయలు ఏమేం ఉన్నాయో చెబుతున్నట్టు చెప్పింది.

"మా అమ్మ చచ్చిపోయి ఏడాదైందంట. జ్ఞాపకార్థ కూడిక పెడతన్నామని మా అన్న కార్డు పంపిచ్చాడు. మామ్మ మందుల డబ్బా సర్దుతుంటే అడుగున కనపడింది. ఆ తారీఖు కూడా దాటిపోయింది. ఒక్కసారి ఇంటికెళ్ళి సమాధి చూసి రావాలని ఉంది. ప్రార్థన చెయ్యండి."

కట్టుబాటు ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. ఆంటీ పెన్ను గాల్లో ఆగిపోయింది. నేను రాయాలి. రాశాను. తర్వాత అందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాం. చాలాసేపు చేశాం. ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చు తండ్రీ, బలపరచు తండ్రీ అన్నాం. అంతమందిమీ ఏకమనస్సుతో దేవుణ్ణి అడిగింది, ఆ ఇంట్లో బీరువా పక్క మేకుకు వేలాడుతున్న తాళంచెవి ఇస్తే తీరిపోయే సంగతి. ఆమేన్ అయ్యాక ఎల్సా లేచి పకోడీలు తెచ్చింది. తిన్నాం.

వచ్చేటప్పుడు ఆంటీ పుస్తకం నా ముందు పెట్టారు. "మంచి సమయం చూసి చెబుదామనుకున్నా. సమాధి సంగతి కొట్టేసి, దుఃఖం తీరాలి అని రాయి" అని ఉంది. కొట్టేసి అలాగే రాశాను.

మంగళవారం నాకు ఐసీయూలో డ్యూటీ. ఒక పెద్దాయన మత్తులో ముక్కు గొట్టం పీకేసుకుంటుంటే డాక్టరుతో ఆర్డరు రాయించుకుని రెండు చేతులూ మంచానికి కట్టాం. కట్టడం మామూలే. కానీ కట్టిన చేతిని రెండు గంటలకోసారి విప్పి చూడాలి. వేళ్ళ రంగు మారిందేమో, చర్మం కమిలిందేమో చూసి, టైము వేసి సంతకం పెట్టాలి. పదింటికి విప్పి చూసి సంతకం పెట్టాను. పన్నెండింటికి పెట్టాను. రెండింటికి పెన్ను తీసి, టైము వెయ్యబోయి ఆగాను. ఎల్సాను నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఏడుపేమీ రాలేదు. నామీద నాకు ఒళ్ళు మండింది, అది కూడా కాసేపే. సంతకం పెట్టి, మర్నాటికి సెలవు రాసిచ్చాను.

బుధవారం పదకొండింటికి ఆంటీ ఇంట్లోనే ఉన్నారు. అంకుల్ కూడా.

"ఎల్సాను తీసుకెళ్తాను ఆంటీ. ఆధార్, ఫోను ఇచ్చేయండి" అన్నాను.

అంకుల్ పేపరు మడిచారు. "ఏందమ్మా ఇది, పోలీసులొచ్చినట్టు? ఏదన్నా ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం."

ఆంటీ రాశారు. "కూతురిలా చూసుకున్నాను. దాన్నే అడుగు."

ఎల్సాను పిలిచి అడిగాను. "అవునక్కా, ఆంటీ బాగానే చూసుకున్నారు" అంది. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.

"కూతురైతే ఒక్కరోజన్నా తాళంచెవి ఇచ్చారా ఆంటీ?" అన్నాను.

ఆవిడ రాయడానికి కాస్త టైము పట్టింది. "ఇది ఢిల్లీ. ఆడపిల్ల. ఏమైనా అయితే వాళ్ళమ్మకు నువ్వు జవాబు చెబుతావా?" రాశాక, వాళ్ళమ్మ లేదన్న సంగతి గుర్తొచ్చిందేమో, చివరి వాక్యం కొట్టేశారు.

నేను ఎల్సాతో అన్నాను. "రా, పోదాం. శుక్రవారం బండికి నీకు టికెట్ తీశా."

ఎల్సా నా వైపు చూడలేదు. ఆంటీ వైపు చూసింది, గోడ గడియారం వైపు చూసింది. "పన్నెండింటికి మామ్మకు గంజి పొయ్యాలక్కా. పోసి వస్తా."

అందరం పన్నెండు దాకా కూర్చున్నాం. ఎల్సా ముసలావిడ వీపు వెనక దిండు పెట్టి, స్పూనుతో గంజి పోసి, మూతి తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ట్రైనింగయిన నర్సు కూడా అంత శుభ్రంగా చెయ్యదు. ఆంటీ బీరువా తెరిచి కార్డూ ఫోనూ టేబుల్ మీద పెట్టారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అది చూస్తే నాకు మరీ భయమేసింది.

నేనుండేది జియా సరాయ్‌లో. కోచింగ్ పిల్లలకు అద్దెకిచ్చే మేడ, మూడో అంతస్తులో ఒక గది. బాత్రూము వరండా చివర, నాలుగు గదులకూ కలిపి. రెండు మెట్రోలు మారి వచ్చాం. ఎల్సా ఎస్కలేటర్ దగ్గర నా కొంగు పట్టుకుంది. గదికి వచ్చాక ఫోన్లో నా నంబరు ఎక్కించి, ఎలా చెయ్యాలో చూపించి చేతికిచ్చాను. "ఇంక నీ ఇష్టం. తిరుగు, తిను, పడుకో" అన్నాను. నాకు చాలా గొప్పగా అనిపించింది. నోటుబుక్కు తీసి, ఎల్సా అంశానికి ఎదురుగా కుడి పేజీలో ఆనాటి తారీఖు కూడా వేశాను.

గురువారం నాకు మార్నింగ్ డ్యూటీ. ఎల్సా నాకంటే ముందే లేచి టీ పెట్టింది. తాగి, బ్యాగు తగిలించుకుని, మెట్లు దిగి పరిగెత్తాను. వార్డులో ఊపిరాడని పని. మూడున్నరకు తిరిగొచ్చాను.

నా గది తలుపుకు తాళం వేసి ఉంది.

మొదట ఎల్సా ఎటో వెళ్ళిందనుకున్నాను. సంతోషం కూడా వేసింది. తర్వాత చూస్తే అది నా తాళం. తాళంచెవి నా బ్యాగులో ఉంది. పదిహేడేళ్ళుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. తలుపు లాగడం, తాళం వెయ్యడం, రెండుసార్లు లాగి చూడడం. పొద్దున కూడా అలాగే లాగి చూసి ఉంటాను.

తలుపు తీశాను. ఎల్సా మంచం పక్కన నేల మీద మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చుని ఉంది. గది అద్దంలా ఉంది. నా యూనిఫాములు ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉన్నాయి. ఆ మడతలు చూడగానే ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అదీ చెప్పాలి. రేపు బండెక్కకపోతే ఎంత బావుండును అనిపించింది. కుమారి ఆంటీకి ఎక్కడ మొదలైందో ఆ క్షణంలో నాకు తెలిసింది.

"ఫోను చెయ్యకపోయావా?" అన్నాను.

"నువ్వు డ్యూటీలో ఉంటావుగా అక్కా."

"పక్క గదిలో పిల్లలున్నారు. తలుపు కొడితే వాళ్ళన్నా వచ్చేవాళ్ళు గదే."

"ఎందుకులే." ఎల్సా గోడ పట్టుకుని మెల్లగా లేచింది. నా మీద కోపం ఏమన్నా కనిపిస్తుందేమోనని మొహంలోకి చూశాను. ఏమీ లేదు. "తాళం ఏసింది నువ్వు గదా. ఏదో కారణం ఉండుద్దిలే అనుకున్నా."

తొమ్మిది గంటలు అలా లోపలే ఉంది. నేను తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నానని అప్పుడు గమనించి పక్కకు జరిగాను. తలుపు బార్లా తీసి ఉంది. వరండా ఖాళీగా ఉంది. ఎల్సా గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"అక్కా, బాత్రూముకి పోయి రానా?"

నోరు తెరిచి, ఆగిపోయాను. వెళ్ళమంటే, వెళ్ళనిచ్చింది నేనవుతాను. ఏమీ అనకపోతే కదలదు. కుడి పేజీలో వేసిన తారీఖు గుర్తొచ్చింది. ఎల్సా నా మొహంలోకి చూస్తూ, పాదాలు దగ్గరగా పెట్టుకుని, ఓపిగ్గా నిలబడే ఉంది.

"వెళ్ళు" అన్నాను.

వెళ్ళింది.