పదకొండు నుంచి నాలుగు దాకా

గ్రంథపాలకుడు రంగనాథం గారు కుర్చీలోంచి లేచి కిటికీ రెక్కలు మూయడం మొదలుపెట్టారంటే పదకొండు కావడానికి ఐదు నిమిషాలుందని అర్థం. విజయనగరంలోని ఆ శాఖా గ్రంథాలయం పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటుంది. గుమ్మం పక్కన బోర్డు మీద ఆ సంగతి స్పష్టంగా రాసుంది. మధ్యలో ఐదు గంటలు జగదీశ్వరి ఎక్కడుండాలో మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

ఆమెకు ముప్ఫై ఒకటి. నెల్లిమర్ల దారిలో ఒక చిన్న ఊరు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఏడేళ్లయింది. కిందటి డీఎస్సీలో కొద్దిలో ఉద్యోగం చేజారింది. ఆ తర్వాత నోటిఫికేషన్ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూనే నాలుగేళ్లు గడిచి 2018 వేసవి వచ్చింది. భర్త కామేష్ విజయనగరంలో ఒక బట్టల కొట్లో పనిచేస్తాడు. పొద్దున్న స్కూటరు మీద తెచ్చి దింపుతాడు, రాత్రి కొట్టు కట్టేశాక ఎక్కించుకుపోతాడు. కూతుర్ని అత్తగారు నారాయణమ్మ చూసుకుంటుంది.

"ఎల్లు, ఎల్లి సదూకో. ఇంటికాడుంటే నిన్ను నానే సదవనివ్వను, ఏదో ఒక పని సెప్తాను," అని ఆవిడే తరిమింది మొదటిరోజు.

విజయనగరంలో పెద్ద గ్రంథాలయం రోజంతా తెరిచే ఉంటుంది. కానీ అక్కడ కుర్చీ కావాలంటే తలుపు తీయకముందే వెళ్లి సంచి పెట్టుకోవాలి. జగదీశ్వరి వంట చేసి, పిల్లకి జడలు వేసి, స్కూటరు దిగేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి కానిస్టేబులు పరీక్షల కుర్రాళ్లు మెట్ల మీద కూడా చదువుతూ ఉంటారు. అందుకని ఈ శాఖకే వచ్చేది.

పదకొండు దాటాక తిరుగుడు మొదలు. మొదట ఆర్టీసీ కాంప్లెక్సులో సిమెంటు బెంచీ. అరగంట కాగానే పక్కన ఎవడో వచ్చి కూర్చుని, ఏ ఊరు, ఒక్కతివే ఉన్నావేంటి అని మొదలెట్టేవాడు. అక్కణ్నుంచి లేచి రైల్వే స్టేషన్. అక్కడ టికెట్టు అడిగారు. కోట గోడ నీడ పన్నెండింటికల్లా గోడ కిందికి ముడుచుకుపోయేది. గంటస్తంభం దగ్గర ఒక చెప్పుల దుకాణం అరుగు మీద రెండు రోజులు కూర్చుంది. మూడోరోజు కొట్టాయన ఏమీ అనలేదు గానీ అరుగు నిండా పెట్టెలు పేర్చి పెట్టాడు. నడుస్తూనే అభ్యసన సిద్ధాంతాలు వల్లెవేసుకునేది. సందు చివరికి వచ్చేసరికి ఏ పాయింటు దగ్గర ఆగిందో మరిచిపోయేది. చదివిన మూడు గంటలూ ఎండలో కారిపోతున్నట్టు ఉండేది ఆమెకు.

మే నెలలో ఒకరోజు నోటుపుస్తకం లోపలే వదిలేసింది. అది లేకపోతే ఆ ఐదు గంటలూ దండగ. ఏ కిటికీ అయినా తెరిచి ఉంటే ఊచల్లోంచి చెయ్యి పెట్టి లాక్కోవచ్చని ఒంటిగంటకు తిరిగొచ్చింది. వీధి తలుపుకు తాళం ఉంది. పక్క సందులోకి వెళ్తే లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కిటికీ రెక్కల సందులోంచి చూసింది. పేపర్లు చదివే బల్ల మీద, చేతిసంచి తలకింద పెట్టుకుని, రంగనాథం గారు నిద్రపోతున్నారు. పెరటి తలుపుకు లోపల గడియ వేసి ఉంది.

జగదీశ్వరికి ఒళ్లు భగ్గుమంది. పెరటి వైపు వెళ్లి తలుపు దబదబా బాదింది.

ఆయన గాభరాగా లేచి గడియ తీశారు.

"ఏటండీ ఇది?" అంది. "మీరు లోపల ఫేను కింద పడుకుంటే మేం రోడ్లంట తిరగాలేటి?"

"గొంతు తగ్గించమ్మా, ఎవరైనా వింటారు."

"ఇననీండి! నాకేటి బయ్యం?"

ఆయన కళ్లజోడు వెతికి పెట్టుకున్నారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా, చొక్కా చేతులు ఎప్పుడూ మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని ఉంటారు. మామూలుగా ఒక్క మాటకు మించి మాట్లాడరు. ఆరోజు మాత్రం నిలబడే చెప్పారు.

"మాది పొందూరు. పొద్దున్న రైలుకొస్తే మళ్లీ రాత్రి రైలుకే. మధ్యలో వెళ్లి రావడానికి బండి కుదరదు. ఎక్కడికి పోను? వీధి తాళం వేసి ఇటు వచ్చి పడుకుంటాను. అది కూడా తప్పే. తెలిస్తే అడుగుతారు."

"మరి మమ్మల్ని కూడా కూకోనియ్యొచ్చు గదా. ఒక మూల కూకుని సదూకుంటాం. నోరు మెదపం."

"పదేళ్ల కిందట వేరే ఊళ్లో ఆ పనే చేశాను. జాలిపడి మధ్యాహ్నం తెరిచి ఉంచాను. పైకప్పు పెచ్చు ఊడి ఒకాయన భుజం మీద పడింది. ఆయనకెలా ఉందని అడిగినవాడు లేడు. ఆ వేళప్పుడు ఆయన లోపల ఎందుకున్నాడని నన్ను అడిగారు. రెండేళ్లు విచారణ. నా వల్ల కాదమ్మా. ఇదుగో నీ పుస్తకం."

పుస్తకం లాక్కుని వచ్చేసింది. ఆయన మాటలో న్యాయం ఉందని తెలుస్తూనే ఉంది. అయినా ఆ ఫ్యాను చప్పుడు చెవుల్లోంచి పోలేదు. ఆ మధ్యాహ్నమంతా కోట చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలీదు.

మర్నాడు అర్జీ రాసింది. పదకొండు నుంచి నాలుగు దాకా పఠన మందిరం ఒక్కటైనా తెరిచి ఉంచమని, పుస్తకాలు ఇవ్వకపోయినా ఫరవాలేదని. సంతకాల కోసం అడిగితే తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది. తవిటమ్మ అనే అమ్మాయి భోగాపురం నుంచి వస్తుంది, పోలీసు ఉద్యోగానికి చదువుతోంది. మధ్యాహ్నాలు పైడితల్లమ్మ గుడిలో కూర్చునేదట. అన్నీ కలిపి పదకొండు సంతకాలు. రంగనాథం గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

జగదీశ్వరి, తవిటమ్మ కలిసి జిల్లా గ్రంథాలయ కార్యాలయానికి వెళ్లారు. అధికారిణి కాగితం రెండుసార్లు చదివింది. విసుక్కోలేదు, కూర్చోమంది.

"మీరడిగింది సబబే. కానీ ఆ వేళలో బాధ్యత ఎవరిది? మనిషి లేకుండా గది తెరిచి వదలలేను. కొత్త మనిషిని వేసే వీలు లేదు. మీ గ్రంథపాలకుడు మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోతారు కదా?"

తవిటమ్మ జగదీశ్వరి వైపు చూసింది. జగదీశ్వరి బల్ల మీది గాజు పలకను చూస్తూ కూర్చుంది. ఒక్క మాట చాలు. ఆయన ఎక్కడికీ వెళ్లడు మేడమ్, లోపలే ఉంటాడు అంటే పని అయిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. సంచి తలకింద పెట్టుకుని పడుకున్న మనిషి, బాదిన చప్పుడుకు కళ్లజోడు కోసం తడుముకున్న చెయ్యి కళ్ల ముందు కదిలాయి.

"నాకు తెల్దండి," అంది.

"అయితే చూద్దాం," అని అధికారిణి కాగితాన్ని ఫైల్లో పెట్టింది.

బయటికొచ్చాక తవిటమ్మ కస్సుమంది. "ఏటక్కా, అంత ఊపుగా తీసుకొచ్చి అక్కడ నీరుగారిపోయినావు?"

గబగబా ముందు నడిచింది జగదీశ్వరి.

సాయంత్రం ఏడు కావొస్తుంటే, అందరూ వెళ్లేదాకా ఆగి, రంగనాథం గారి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన ఆనాటి పేపర్లు తేదీల ప్రకారం సర్దుతున్నారు.

"ఆఫీసుకెల్లినామండి."

"తెలుసు. చెప్పేశావా?"

"నేదండి."

ఆయన చేతులాగాయి. "ఎందుకని?"

"ఏటో. నోరు రానేదు."

ఆయన తిరిగి పేపర్లు సర్దుకున్నారు. తర్వాత రెండు రోజులూ ఆ ఊసే ఎత్తలేదు. తను చేసింది మంచో చెడో తేలక జగదీశ్వరి చదువు సాగలేదు. పుస్తకం తెరవడం, మూయడం. రాత్రి స్కూటరు మీద కామేష్ ఏదో అడిగితే పరధ్యానంగా ఊకొట్టింది.

"ఏటే, పరీచ్చకి ముందే ఇలాగైపోతే ఎలాగ?" అన్నాడతను.

మూడోరోజు పదకొండింటికి రంగనాథం గారు తాళం వేసి పెరటివైపు తిరగలేదు. గొడుగు తీసుకుని వీధిలోకి నడిచారు. జగదీశ్వరి ఎదుటి అరుగు మీంచి చూసింది. ఆయన జేబులో మడిచిన కాగితం పైకి కనిపిస్తోంది. కార్యాలయం వైపు వెళ్లే ఆటో ఎక్కారు.

ఆయన రాసింది తర్వాత తెలిసింది. తాను మధ్యాహ్నం వేళ భవనంలోనే ఉంటున్నానని, ఎలాగూ ఉంటున్నాను గనక ఆ సమయంలో పఠన మందిరం తెరిచి ఉంచడానికి అనుమతి కోరుతున్నానని. వారం తిరగకుండా ఆయనకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ఇన్నాళ్లూ లోపల ఎందుకున్నారో సంజాయిషీ ఇవ్వాలట. ఆయన మూడు చిత్తుప్రతులు రాసి చించడం జగదీశ్వరి చూసింది.

"నా మూలంగానే గదండీ," అంది.

"నీ మూలంగా ఏమీ కాదు. తలుపు నేనే తీశాను, కాగితం నేనే రాశాను. వెళ్లి చదువుకో."

జూన్ ఆఖరులో ఒకేసారి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి, ఇకముందు జాగ్రత్తగా ఉండమని మందలింపు. రెండోది, ఆరు నెలలపాటు ప్రయోగంగా మధ్యాహ్నం పఠన మందిరం తెరవవచ్చని ఉత్తర్వు. ఆయన మొదటిది మడిచి సొరుగులో పెట్టుకుని, రెండోదాన్ని మైదా జిగురుతో బోర్డు మీద అంటించారు.

తీరా మొదటి మధ్యాహ్నం జగదీశ్వరి చదవలేకపోయింది. పదకొండు కాగానే కాళ్లు వాటంతటవే లేచాయి. గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. మంచినీళ్లు తాగింది. మళ్లీ లేచింది. మూడు నెలల తిరుగుడు ఒంట్లోంచి వదలలేదు. రంగనాథం గారికి పడుకునే వీల్లేదు గనక కుర్చీలోనే నిటారుగా కూర్చున్నారు. రెండింటికి తల ముందుకు వాలింది. తవిటమ్మ కిసుక్కున నవ్వితే జగదీశ్వరి ఆమె మోచేతిని గిల్లింది.

"నవ్వకే. ఆయన నిద్ర మనం తీసుకున్నాం."

అక్టోబరులో నోటిఫికేషన్ వచ్చింది. చలికాలంలో పరీక్ష. ఆ ఆరు నెలలూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం కుర్చీలకు పోటీ వచ్చేసింది. గడువు పొడిగించమని ఈసారి నలభై మంది సంతకాలు పెట్టారు. పొడిగించారు. తవిటమ్మకు పోలీసు పరుగు పరీక్షలో మడమ బెణికి ఆ ఏడాది ఉద్యోగం చేజారింది. జగదీశ్వరి పేరు మాత్రం టీచర్ల ఎంపిక జాబితాలో వచ్చింది. నారాయణమ్మ వీధి వీధంతా తిరిగి చెప్పింది.

కానీ నియామకపు ఉత్తర్వు రాలేదు. ఎవరో కోర్టుకెళ్లారన్నారు. ఎన్నికలయ్యాక అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఇంట్లో కూర్చుంటే వీధిలో ప్రతి బండి చప్పుడుకూ లేచి చూస్తోంది. అందుకని 2019 ఎండాకాలంలో ఒకరోజు మళ్లీ స్కూటరెక్కి వచ్చేసింది.

"ఇంకా ఏం చదువుతావమ్మా? అయిపోయింది కదా," అన్నారు రంగనాథం గారు.

"సదవడానిక్కాదండి. ఏదైనా కథల పుస్తకం ఇస్తారేటి? పరీచ్చలో రానిది."

ఆయన అదోలా చూసి లేచారు. ఆ గ్రంథాలయంలో ఏడాదిపాటు రోజూ కూర్చున్న మనిషి బీరువాలోంచి పుస్తకం అడగడం అదే మొదటిసారి. చాలాసేపు వెతికి మూడు పుస్తకాలు తెచ్చి ఆమె ముందు పెట్టారు. "నచ్చకపోతే మార్చుకో, తొందరేం లేదు," అన్నారు.

జగదీశ్వరి ఒకటి తెరిచింది. నాలుగు పేజీలు చదివింది. ఉత్తర్వు వచ్చేది ఇంటికని తెలిసినా లేచి గుమ్మం దాకా వెళ్లి ఎండలో రోడ్డు వైపు చూసింది. పోస్టుమాన్ సైకిలు ఇటు రాకుండా పక్క సందులోకి తిరిగింది. వెనక్కొచ్చి కూర్చుని ఐదో పేజీ తిప్పింది.