నా జాయింటు కింద గిన్నె

నెమ్మదిగా చెప్తానమ్మా, నువ్వూ నెమ్మదిగానే రాయి. మధ్యలో ఆగితే అయిపోయిందనుకుని పుస్తకం మూసెయ్యకు. గుర్తు తెచ్చుకుంటున్నానని అర్థం.

నాకు మిల్లులో పని పోయేనాటికి మీ నాన్న ఇంకా పాకుతున్నాడు. నూనె మిల్లు అది. ఒకరోజు వెళ్తే గేటుకి తాళం. అంతే. చేతిలో వేరే పని లేదు, చదువా లేదు. అప్పుడు మా అక్క కబురు పెట్టింది. "వచ్చెయ్యండిరా, మీ బావ పైపుల పని నేర్పుతాడు. నీళ్లు లేకుండా బతికేవాళ్లెవరు, ఎప్పుడూ ఉండే పని" అని.

వెళ్లాం. వాళ్లింటి వెనకాల పైపు ముక్కలు పడేసుకునే గది ఒకటుంటే, ముక్కలన్నీ ఓ పక్కకి నెట్టి అది మాకిచ్చారు. కిటికీ లేదు. తుప్పు వాసన. మీ నానమ్మ పిల్లాణ్ని చంకనేసుకుని గడపలోనే నిలబడి లోపలికి చూసింది.

"ఎన్నాళ్లు?" అంది.

"నాకు పని వచ్చేదాకా" అన్నాను.

అదీ నేను ఆవిడకిచ్చిన మాట. పని వస్తే ఆ గదిలోంచి బయటపడతాం, రాకపోతే అందులోనే ఉంటాం. వదినగారింట్లో అంట్లు తోముతూ, బట్టలు ఉతుకుతూ ఆవిడ, పైపులు మోస్తూ నేను.

మా బావ పనిమంతుడు. ఆ మాట దాచకూడదు. ఆయన బిగించిన చోట చుక్క కారేది కాదు. వీధి మొత్తం ఆయన కోసం కాచుకునుండేది. మాట తక్కువ మనిషి. అన్నం తినడం తప్ప అన్నీ ఎడంచేత్తోనే. పానా ఎడంచేత్తోనే, సుత్తి ఎడంచేత్తోనే.

నాకు మొదట ఇచ్చింది గోడలు చెక్కే పని. ఉలీ సుత్తీ పట్టుకుని పైపు పట్టేంత గాడి తియ్యాలి. కళ్లనిండా సున్నం, జుట్టునిండా ఇటుక పొడి. మా బావ చూసి, "ఏం బావమరిదీ, ఒక్కరోజులో ముసలాడివైపోయావే, మా చెల్లెలు గుర్తుపడుతుందా?" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఆ నవ్వులు నిజమైనవే అప్పుడు.

ఇప్పటిలా ప్లాస్టిక్ పైపులు కాదమ్మా, జిగురు రాసి గుచ్చేస్తే అయిపోవడానికి. ఇనప పైపులు. పైపు చివర మరలు కొయ్యాలి. ఆ మరల మీద జనపనార చుట్టి, తెల్లరంగు ముద్ద పూసి, అప్పుడు పైపుల్ని కలిపే సాకెట్ ఎక్కించి పానాతో బిగించాలి. ఆ చుట్టడంలోనే ఉంది పనంతా. గోడ ఎవడైనా చెక్కుతాడు. నార చుట్టడం వచ్చినవాడే మేస్త్రీ.

"అది నేర్పు బావా" అన్నాను.

"నేనేం బడి పెట్టానా, పలక తెచ్చుకో అనడానికి? కళ్లున్నాయిగా. చూడు."

చూశాను. ఎదురుగా గొంతుక్కూర్చుని రెప్పెయ్యకుండా చూశాను. పైపు కుడిచేత్తో పట్టుకుని, నార పోగు మర మీద పెట్టి, బొటనవేలితో నొక్కి, పై నుంచి తనవైపుకి లాక్కుంటూ చుట్టేవాడు. తనవైపుకి. గదిలో పడున్న ముక్కల మీద నేనూ అదే చేశాను, పైపు ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో చుడుతూ. నావైపుకి లాక్కుంటూ. మా అక్క బియ్యం ఏరుకుంటూ అరుగు మీద కూర్చుని ఇద్దర్నీ చూస్తుండేది.

ఒకరోజు మా బావ పెరట్లో అంట్లు తోమేచోట కుళాయి మార్చాలని, "ఇది నువ్వు బిగించు, చూద్దాం" అన్నాడు. బిగించాను. నీళ్లు వదిలితే పొడిగా నిలబడింది. మీ నానమ్మ కూడా వచ్చి చెయ్యి పెట్టి చూసుకుంది. తెల్లారేసరికి జాయింటు నుంచి ఒక చుక్క. తర్వాత ఇంకోటి. మా బావ లోపలికెళ్లి సొట్టపోయిన సత్తుగిన్నె ఒకటి తెచ్చి దాని కింద పెట్టాడు.

"నార తక్కువైందా బావా?"

"చూడలేదా నేను చేసేది?"

"చూశాను."

"మరి చూసినట్టే చెయ్యి."

చూసినట్టే చేశాను. అదీ నా ఖర్మ. నార ఎక్కువ పెట్టాను, కారింది. తక్కువ పెట్టాను, కారింది. ముద్ద దట్టించాను, పానా మీదెక్కి నిలబడి బిగించాను. కొన్ని వారం ఆగేవి, కొన్ని పూటన్నా ఆగేవి కావు. చివరికి కారేవే. ఇంటికొచ్చిన ప్రతివాడికీ మా బావ ఆ గిన్నె చూపించేవాడు. "మా బావమరిది పనితనం. దాహమేస్తే తాగి వెళ్లండి." వీధిలో నాకు చుక్కల మేస్త్రీ అని పేరు పడిపోయింది. చిన్నపిల్లలు కూడా పిలిచేవాళ్లు.

ఆ వీధిలోనే ఒకావిడ బట్టలు కుట్టేది. వంటింట్లోకి కొత్త లైను కావాలని మా బావని అడుగుతోంది. ఆయన వేరే పెద్దపనిలో ఉండి రేపు మాపు అంటున్నాడు. నేనే వెళ్లి అడిగాను.

"నేను చేస్తానమ్మా."

ఆవిడ మిషను ఆపి కళ్లద్దాల మీంచి చూసింది. "నువ్వు చుక్కల మేస్త్రీవి కాదూ?"

"అది మొదట్లో. ఇప్పుడు చెయ్యి కుదిరింది."

కుదిరిందనే అనుకున్నానమ్మా. అంతకుముందు నేను బిగించినవి రెండు మూడు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆవిడ కాసేపు ఆలోచించి, "సరే కానీ" అంది. ఆ పని నేనొక్కణ్నే చేశాను. మా బావ వాడేదానికన్నా మంచి నార కొన్నాను. ఇంటికెళ్లి మీ నానమ్మతో, "ఇది నిలబడితే ఈ వీధిలో ఇంకో పని వస్తుంది. ఇంకోటి వస్తే గది చూద్దాం" అన్నాను. ఆవిడ పిల్లాడికి అన్నం పెడుతూ, "కిటికీ ఉన్న గది చూడండి" అంది. అంతే అంది. అయినా ఆ పూట ఆవిడ ముఖం వేరుగా ఉంది.

గోడకి సున్నం ఆరకముందే తడి తేలింది. ఆ గోడకి ఆనించే ఆవిడ కుట్టాల్సిన మూటలు పెట్టుకునేది. జనం ఇచ్చిన బట్టలు. మూటల అడుగునంతా తుప్పునీళ్ల మరకలు పడ్డాయి. నేను వెళ్లేసరికి ఒక్కొక్కటీ విప్పి మంచం మీద పరుస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ బావ వచ్చేదాకా ఆగాల్సింది. నా బుద్ధి తక్కువ" అంది.

మా బావే వచ్చాడు. గోడ పగలగొట్టాడు. నా జాయింటు విప్పితే నారంతా సాకెట్ బయటికొచ్చి పిచ్చుకగూడులా ముద్దకట్టుకుని ఉంది. దాన్ని వేళ్లతో తీసి, చూడ్డానికొచ్చినవాళ్లకి చూపించాడు. "ఏం చెయ్యమంటారు, పెళ్లాం తమ్ముడు. వదులుకోలేం, వాడుకోలేం." అందరూ నవ్వారు. తర్వాత వీపు నావైపు తిప్పి కూర్చుని నార చుట్టాడు. అంతవరకూ ఎన్నడూ అలా వీపు తిప్పలేదు. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాత నేను మళ్లీ గోడలు చెక్కడానికే.

కొన్నాళ్లకి మా బావ పైపు వంపుల్లో వేసే ఎల్బోలు తెమ్మని పైపుల కొట్టుకి పంపాడు. కొట్టాయన పెద్దాయన, నోట్లో పుల్ల పెట్టుకుని నములుతుండేవాడు. ఎవరికో బల్ల మీద వాల్వు బిగించి ఇవ్వాల్సి వచ్చి, ఆయన చేతికి దెబ్బ తగిలుందేమో, "కాస్త ఆ ముక్కకి నార చుట్టి పెట్టవయ్యా" అన్నాడు. చుట్టడం మొదలుపెట్టాను.

"ఆగాగు. ఎటు చుడుతున్నావు?"

"ఇటే."

ఆయన పుల్ల తీసి పక్కన పెట్టాడు. "నీకు పని నేర్పినవాడిది ఎడంచెయ్యా?"

"అవును. మా బావ."

"అదీ సంగతి. సాకెట్ ఎటు తిరిగి బిగుసుకుంటుందో నార కూడా అటే చుట్టాలయ్యా. అప్పుడది లోపలికి పోతుంది. నువ్వు ఎదురు చుడుతున్నావు. నువ్వు బిగించేకొద్దీ అది ఊడి బయటికొస్తుంది. ఎడంచేతివాడు తనవైపు లాక్కుంటే సరిపోతుంది, వాడి పైపు చివర అటుంటుంది కాబట్టి. నీ పైపు చివర ఇటుంది. నువ్వు నీ నుంచి అవతలికి తొయ్యాలి."

అవతలికి తోస్తూ చుట్టాను. వాల్వు ఎక్కించి తిప్పాను. నార మరల్లోకి దిగిపోవడం నా వేళ్లకి తెలిసిందమ్మా. పిల్లాడు చన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది. అంతకాలం నేను పెట్టిన బలమంతా ఎదురు తిరగడానికే పోయింది. అక్కడే నిలబడిపోయాను. కొట్టాయన, "ఎల్బోలు వద్దా?" అంటే గానీ కదల్లేదు.

దారంతా నవ్వుకుంటూ వచ్చాను. ఎందుకో తెలుసా? మా బావకీ తెలీదనుకున్నాను. పుట్టిందగ్గర్నుంచీ ఎడంచెయ్యి అయినవాడికి, ఎదుటివాడి కుడిచేతికి అది ఎలా కనపడుతుందో ఏం తెలుస్తుంది? చెప్తే ఆయనా నవ్వుతాడు, ఇద్దరం కలిసి నవ్వుకుంటాం, వెళ్లి కుట్టుపనావిడకి కూడా చెప్తాం అనుకున్నాను.

బావ భోజనానికి కూర్చున్నాడు. అక్క వడ్డిస్తోంది. మీ నానమ్మ పిల్లాడితో గుమ్మంలో ఉంది. నేను నవ్వుతూనే చెప్పాను, "చూశావా బావా, అంతా తిరకాసే, నేను ఎదురు చుడుతున్నానట" అని. ఆయన తల ఎత్తలేదు. ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు.

అక్కే అంది. "నేను అప్పుడే చెబుదామన్నానురా. ఈయనే వద్దన్నారు."

గరిటె ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది. అనకూడనిది అన్నానని అన్నాక తెలిసింది ఆవిడకి.

"కూర వెయ్యి" అన్నాడు మా బావ.

"ఎందుకు బావా?" అన్నాను.

తిని, మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు. "ఈ వీధిలో ఎన్ని ఇళ్లున్నాయిరా? ఇద్దరు మేస్త్రీలకి సరిపోతాయా? నీకు పని రానంతకాలం నువ్వు నా బావమరిదివి, నా ఇంట్లో నీకు చోటుంది. వచ్చాక నువ్వెవరు, నేనెవరు? గోడలు చెక్కేవాణ్ని నేనెక్కణ్నుంచి తెచ్చుకోను?"

"అక్కా, నువ్వైనా..."

"ఆయన నీకు అన్నం పెట్టలేదా?" అంది అక్క. గోడవైపు చూస్తూ అంది.

"సరే. కుట్టుపనావిడకి ఒక్క మాట చెప్పు బావా. ఒళ్లు దగ్గర పెట్టుకోక కాదు, తెలీక అలా అయిందని."

"చెప్తే, నేర్పనివాణ్ని నేనవుతాను" అన్నాడు, చెయ్యి తుడుచుకుంటూ.

మీ నానమ్మ అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి దుప్పటి పరిచి సామాను అందులో వేస్తోంది. ఏడవలేదు. ఆవిడ ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

మూట భుజానికెత్తుకుని బయల్దేరేటప్పుడు పెరట్లో ఆ కుళాయి కనపడింది. కింద గిన్నె, అందులో టప్పు టప్పుమని. మూట దించి పానా తీశాను.

"కారనివ్వండి" అంది మీ నానమ్మ. "వాళ్లిల్లు. కారనివ్వండి."

నేను వినలేదు. జాయింటు విప్పి, పాత నార గీకి పారేసి, కొత్తది అవతలికి తోస్తూ చుట్టి బిగించాను. పూర్తయ్యేదాకా ఆవిడ పిల్లాణ్ని ఎత్తుకుని నిలబడే ఉంది. పొడిగా నిలిచింది. గిన్నెలో నీళ్లు పారబోసి అక్క చేతికిచ్చాను. తీసుకుంది, నా ముఖం చూడలేదు.

పక్క పేటలో గది తీసుకున్నాం. కిటికీ ఉంది. పని దొరికింది, నిలబడింది. అక్కడ నన్ను చుక్కల మేస్త్రీ అనేవాళ్లెవరూ లేరు. కానీ ఆ వీధి నుంచి మాత్రం ఒక్కరూ నన్ను పిలవలేదమ్మా. కుట్టుపనావిడ ఓసారి బజారులో ఎదురైతే పక్కకి జరిగి దారిచ్చింది, అంతే. నేను చెప్పబోయాను. జనంలో కలిసిపోయింది.

మీ నాన్న బడికి వెళ్లడం మొదలుపెట్టాక, అక్కకి మోకాళ్లు బాగా లేవని తెలిసి చూడ్డానికి వెళ్లాను. మీ నానమ్మ రానంది. బావ పనికెళ్లాడు, ఇంట్లో అక్క ఒక్కతే. పెరటి వైపు నుంచే లోపలికి వెళ్లాలి. ఆ కుళాయి అక్కడే ఉంది. దాని కింద ఆ సత్తుగిన్నె అలాగే ఉంది, అంచుదాకా నీళ్లతో.

మళ్లీ కారిందా అనుకున్నాను. వంగి జాయింటు పట్టుకుని చూశాను. ఎండిపోయి ఉంది. నేను పూసిన తెల్లరంగు రాయిలా గట్టిపడి ఉంది. చుట్టూ వేలు తిప్పాను. ఎక్కడా తడి లేదు.

"ఈ నీళ్లెక్కడివక్కా?"

అక్క గోడ పట్టుకుని లేచి వచ్చింది. "పొద్దున్నే ఆయన చెంబుతో పోస్తార్రా. పని చెప్పడానికి వచ్చేవాళ్లు ఇటే కదా వచ్చేది. నీ గురించి ఎవరైనా అడిగితే చూపిస్తారు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"నేను పొయ్యట్లేదుగా" అంది.

ఆవిడిచ్చిన టీ తాగాను. మోకాళ్ల సంగతి అడిగాను. వెళ్లేటప్పుడు గిన్నె తీసి నీళ్లు కాలవలో పారబోసి మళ్లీ అక్కడే పెట్టాను. ఇంకెక్కడ పెట్టను, వాళ్ల గిన్నె.

పెరటి తలుపు దాటి నాలుగడుగులు వేశానో లేదో, వెనకనించి గిన్నెలో చెంబుతో నీళ్లు పోసిన చప్పుడు వినపడింది. బావ ఇంకా ఇంటికి రాలేదు.