విత్తనాల పాకలో మూడు కుప్పలు

ఇలైసానేను నేను క్షమించలేదు. ప్రతి ఆదివారం చర్చిలో నాకు రెండు వరసల ముందు కూర్చుని గొంతెత్తి పాడుతుంది. పాస్టరు క్షమాపణ గురించి చెప్పినప్పుడల్లా నేను ఆమె వీపునే చూస్తాను. ఆ వీపు మీద ఏ బరువూ ఉన్నట్టు కనబడదు.

ఆమె మా ఊరి చిన్నపిల్లల బడికి టీచరు. రాజధానిలో రెండేళ్ళు శిక్షణ పొంది వచ్చింది. నేను పదకొండో ఏట బడి మానేసి మా నాన్న వెనకాల పెండలం గుంతలు తవ్వినవాణ్ణి. నాకు తెలిసిందల్లా పెండలమే. అది మాత్రం బాగా తెలుసు.

మా ఊళ్ళో నేలంతా దొరది. నా పేరున ఉన్నది ఇంటి జాగా ఒక్కటే. గుట్ట మీది పొలం మా తాతల నాటి నుంచి ఆయన దయ మీద చేసుకుంటూ వచ్చాం. అందుకు బదులు ఏటా తొలి తవ్వకంలో చేయంత పొడుగు కహోకహో పెండలాలు పది ఆయన ఇంటికి మోసుకెళ్ళాలి. కహోకహో పెద్దవాళ్ళ పెండలం. దాని చోట మరో రకం పెడితే దొర మొహాన ఉమ్మినట్టే.

ఆ రకానికి నడుం లోతు గుంత కావాలి. మామూలు రకాలకు మూరెడు చాలు. విత్తనానికి ముక్కలు కోసి, బూడిద అద్ది ఆరబెట్టాక ఏది ఏ రకమో నేనే కాదు, మా నాన్న కూడా చెప్పలేకపోయేవాడు. ఏ కుప్పలో ఉందో చూసి తెలుసుకోవడమే. అందుకని పాకలో నాలుగు మూలలా నాలుగు కుప్పలు పోసేవాళ్ళం. ఆ మూలలు మా ఇంట్లో నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. ఇది జరిగిన ఏడు మా కూతురు లూపేకు ఐదేళ్ళు.

ఆ ఏడు నాటే వారంలో మా ఆవిడ మేనమామ పక్క దీవిలో పోయాడు. లూపేను మా వదిన దగ్గర వదిలి ఇద్దరం వెళ్ళాం. నాలుగోరోజు పొద్దున పడవ దిగి ఇంటికొస్తుంటే పాకలోంచి పాట వినబడింది.

"పెద్దది పెద్దదాని పక్కన, చిన్నది చిన్నదాని పక్కన..."

లోపల పదహారు మంది పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. చేతులు, మూతులు అన్నీ బూడిద. మధ్యలో ఇలైసానే చప్పట్లు కొడుతోంది. మూలల్లో ఒక్క కుప్ప లేదు. పాక నడిమధ్య మూడు కుప్పలున్నాయి. ఒక్కోదాని ముందు ఒక్కో అట్టముక్క: పెద్దవి, నడిమివి, చిన్నవి.

"అరె, లిసియాతే అన్నా, వచ్చేశావా!" అంది నవ్వుతూ. "చూడు, నీ కూతురే తీసుకొచ్చింది మమ్మల్ని. మా నాన్న దగ్గర బోలెడున్నాయి అని ఒకటే గొప్పలు. వేరుచేయడం నేర్పుతున్నా. ప్లాస్టిక్ బొమ్మలకంటే ఊరి వస్తువులే మంచివని శిక్షణలో చెప్పారులే."

"నా కుప్పలేవి?"

"ఇవే కదా. నువ్వు ఎలాపడితే అలా మూలకో పోగు పెట్టావు. పిల్లలు సర్దారు. ఎంత ముచ్చటగా ఉందో చూడన్నా."

"ఎలాపడితే అలానా?"

"కోప్పడకు మరి. నువ్వు బడికెళ్ళింది ఎన్నేళ్ళని? ఇది కొత్త పద్ధతి."

పిల్లల ముందు ఆ మాట అంది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

నేను ఏం చేశానో దాచను. మొదటి కుప్పను కాలితో తన్నాను. పార తీసుకుని రెండోదాన్ని మూడోదాని మీదికి తోశాను. పిల్లలు కేకలు పెట్టుకుంటూ బయటికి పరిగెత్తారు. లూపే మాత్రం నా చేయి పట్టుకుని వేలాడింది. "నాన్నా ఆగు! నాన్నా, ఆకు! ఆకు!" అని అరుస్తోంది. విదిలించాను. వెళ్ళి గోడకు తగిలింది.

ముక్కలన్నీ కలిసిపోయాక ఊపిరి తీసుకోవడానికి ఆగాను. నా మడమ కింద కొబ్బరాకు ఉంది. అలాంటివి ఇంకా కనబడ్డాయి. ప్రతి కుప్ప కిందా అడ్డంగా పేర్చి పెట్టినవే.

"ఏమిటే ఈ ఆకు?"

లూపే వెక్కుతూ చెప్పింది. "టీచరు పెద్దవన్నీ ఒకచోట పెట్టమంది. పెట్టాను. కానీ కహోకహో ఆకుకు ఇవతల పెట్టాను. మిగతావి అవతల. మూడు కుప్పల్లోనూ అలాగే."

"మిగతా పిల్లలో?"

"వాళ్ళకు నేనే అందించాను. మూలలు నాకు తెలుసుగా."

ఇలైసానే వైపు తిరిగాను. ఆమె అట్టముక్కలు ఏరుకుంటోంది.

"నీకు తెలుసా ఇది?"

"ఆ ఆకులు తీసేయమని రెండుసార్లు చెప్పాను. ఒక కుప్పలో రెండు వరసలు పెడితే పాఠం పాడవుతుంది కదా! మొండిపిల్ల, తీయలేదు." లంగాకంటిన బూడిద దులుపుకుంది. "అయినా కుప్పలు కూలదోసింది నేను కాదన్నా. నువ్వు."

వెళ్ళిపోయింది. అది నిజమే. నిజం చెప్పినందుకు ఆమె మీద కోపం తగ్గలేదు, పెరిగింది.

"మళ్ళీ వేరు చెయ్యమ్మా," అని లూపేను బతిమాలాను. అది ఒక ముక్క ఎత్తి, వాసన చూసి, కింద పెట్టేసింది. "ఇప్పుడు అన్నీ ఒకటే నాన్నా."

నాటే వారం ఆగదు. చేతికొచ్చిన ముక్క చేతికొచ్చిన గుంతలో పెట్టాను. తీగలు పాకి ఆకు విప్పాక చూస్తే, నడుం లోతు గుంతల్లో మామూలు రకం కులాసాగా దిగుతోంది. కహోకహో మూరెడు గుంతల్లో ఇరుక్కుని ఉంది. అప్పుడు పీకితే చస్తుంది.

తవ్వకం నాడు చేయంత పొడుగువి మూడే దొరికాయి. మిగతా ఏడూ కింద గట్టినేల తగిలి వంకర్లు పోయాయి. అవే మోసుకెళ్ళాను. దొర తరఫున మాట్లాడే పెద్దమనిషి కోలో, చాప మీద కూర్చున్నవాళ్ళందరూ వినేలా అన్నాడు.

"ఏంట్రా లిసియాతే, ఇవి కాళ్ళు ముడుచుకుని పడుకున్నాయి? మీ గుట్ట మీద చలెక్కువా?"

అందరూ నవ్వారు. ఇలైసానే సొంత అన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. అతని బుట్టలో పదికి పదీ నిటారుగా ఉన్నాయి.

"విత్తనం కలిసిపోయిందయ్యా," అన్నాను.

"ఎవరు కలిపారు?"

పిల్లల మీద చెప్పలేను. ఇలైసానే పేరు చెబితే, ఆమె వచ్చి పార ఎవరి చేతిలో ఉందో చెబుతుంది.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. గుట్ట మీది పొలం ఇకనుంచి ఇలైసానే అన్న చేస్తాడట.

ఆ ఏడాది చివర లూపే బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. మా ఆవిడ చదివి వినిపించింది. పాటలు బాగు, శుభ్రత బాగు. కింద ఇలైసానే గుండ్రటి దస్తూరీ: "వస్తువులను వేరుచేయడంలో లూపేకు ఇంకా సాధన అవసరం."

ఆ కాగితం ఇంకా దాచే ఉంచాను. పోయిన పొలం మూడెకరాల పావు, దాని గట్టున నలభై రెండు కొబ్బరిచెట్లు.