దోసపాదు మీద నీడ

తెల్లారకముందే నీళ్లు పోసేయాలి. ఎండెక్కాక పోస్తే మట్టిలోనే నీళ్లు కాగి వేళ్లు ఉడికిపోతాయని మొగుడు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. అందుకని కోడలు చీకటితోనే లేచి, పెరటి మడిలో ఒక్కో మొక్క మొదట్లో చెంబుతో పోసి, తడి ఆరిపోకుండా పైన ఎండుటాకులు కప్పేది. తర్వాత ఇల్లు ఊడ్చి, అత్తకు కాఫీ ఇచ్చి, ఎండ గోడ దాటుతుండగా పడగ్గదిలో కొక్కేనికి తగిలించిన మొగుడి నీడను తెచ్చి మడి మీద పరిచేది.

వేసవి మొదట్లో, దోసపాదుకు పందిరి కడుతూ ఆయన గుండె పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మనిషిని తీసుకెళ్లారు. నీడ మాత్రం మడిలోనే ఉండిపోయింది. అదేమిటని ఎవరూ అడగలేదు. వీధి చివర ఇస్త్రీ ఆయన వచ్చి, అంచు వేళ్లతో నలిపి చూసి, "గట్టి సరుకేనమ్మా. ఉతక్కండి, వెలిసిపోతుంది. ఎండలో ఎక్కువసేపు ఉంచకండి" అని చెప్పి వెళ్లాడు.

ఎండలో ఉంచకపోతే ఇంకెందుకు ఆ నీడ? అసలే ఆ ఏడు ఎండలు మనుషుల మీద పగబట్టినట్టు కాశాయి. గేటు గొళ్లెం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. టమాటా పూత పూతగానే రాలింది. చిక్కుడు ముందే చేతులెత్తేసింది. నీడ కింద దోసపాదు ఒక్కటే బతికింది.

ఆయన పొడగరి కాబట్టి మొదట్లో నీడ మడంతా సరిపోయేది. రోజూ ఎండ కాస్త కాస్త కొరికేసింది. పాదాలు పోయాయి, తర్వాత మోకాళ్ల దాకా పోయింది. పెరటి గుమ్మంలో కూర్చుని అత్త అంతా చూస్తూనే ఉండేది.

"వాడి కాళ్లు అరిగిపోయాయే. ఇంక తీసి లోపల పెట్టు" అంది ఒకరోజు.

"పాదు కూడా ఆయన వేసిందే కదా అత్తయ్యా."

"పాదు మళ్లీ వేసుకోవచ్చు. కొడుకుని ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

"గింజలు మిగల్లేదు. ఉన్నవన్నీ ఈ మడిలోనే పెట్టేశారు. ఒక్క కాయైనా పండకపోతే ఆ దోస ఇంక లేనట్టే."

ఆయన ఏటా ఒక కాయను విత్తనానికని పండనిచ్చి, ఆ గింజలే మరుసటి ఏడు వేసేవాడు. అత్తకది తెలుసు. మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "ఎవరున్నారే అక్కడ నీకు? వచ్చెయ్."

"పాదు సంగతి తేలనీ అక్కా. అదీ పోతే వచ్చేస్తాను."

గోడ అవతల అత్త చేటలో బియ్యం చెరుగుతోంది. ఆ మాటతో చేట చప్పుడు ఆగింది.

ఒక పొద్దున నీడ పరుస్తుంటే కుడిచెయ్యి కనబడలేదు. ఆ చేత్తోనే ఆయన ఆమె జడ లాగి ఏడిపించేవాడు. అదీ ఎండ పాలైందనుకుని కోడలు ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ వారంలోనే, రాలగా రాలగా, పాదుకి ఒక్క పిందె నిలిచింది. అది కాయై ముదిరేసరికి నీడలో ఆయన మొహం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ రోజు ఆ మొహాన్ని గుండెలకు హత్తుకుని గదిలోనే కూర్చుంది కోడలు. ఇది ఇవ్వను, ఇదొక్కటీ ఇవ్వలేను అనుకుంది. కిటికీలోంచి చూస్తే దోసాకులు గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. ఆయన ఉంటే తనని తిట్టి మరీ పరిగెత్తేవాడు. ఏడుస్తూనే వెళ్లి కాయ మీద కప్పింది. సాయంత్రానికి తీయడానికి ఏమీ లేదు.

మర్నాడు నీళ్లు పోయలేదు. చీరలు సంచిలో సర్ది, అక్కకి ఫోన్ చేసి, "బయల్దేరుతున్నాను" అంది.

పెరటి తలుపు కిర్రుమంది. ఎండ నిప్పులు చెరుగుతుంటే అత్త గోడ పట్టుకుని మడి దగ్గరికి నడుస్తోంది. కోడలు పరిగెత్తుకెళ్లేసరికి ఆమె కాయ ముందు చతికిలబడి, కొంగు ముడి విప్పుతోంది. అందులో కుడిచెయ్యి ఉంది.

"ఎండ కాదే, నేనే. కత్తెరతో తీసి బియ్యం డబ్బాలో దాచుకున్నాను. నిద్ర పట్టనప్పుడు నుదుటి మీద వేసుకునేదాన్ని" అంది అత్త.

కోడలికి కోపం రాలేదు. తను మాత్రం ఆయన మొహాన్ని దాచుకోవాలని చూడలేదా?

అత్త ఆ చేతిని కాయ మీద పెట్టింది. వేళ్లు కాయ చుట్టూ మెల్లగా ముడుచుకున్నాయి.

"పట్టుకున్నాడు చూడు" అంది అత్త. అనేసి బావురుమంది. కోడలు చెంబు కోసం వెళ్లబోయి, ఆయన మాట గుర్తొచ్చి ఆగింది. పొద్దు వాలాక ఇద్దరూ కలిసి నీళ్లు పోశారు.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఆ చేతిని చూసేవాళ్లు. చిటికెన వేలు ముందు పోయింది. ఒక్కో వేలూ పోతున్నకొద్దీ కాయకు పసుపు ఎక్కింది. చివరికి బొటనవేలు కూడా కరిగిపోయాక, కాయ తొడిమ వదిలి మట్టిలో పడింది. పెరడంతా పండిన దోస వాసన.

గింజలు కడిగి, ఎండ తగలకుండా గదిలో గుడ్డ మీద పరిచారు. ఫోన్ మోగింది.

"బయల్దేరుతున్నానన్నదానివి, ఇవాళ కాదు రేపు అంటూనే ఉన్నావు. ఎప్పుడొస్తావే?"

"రానక్కా. గింజలు ఆరాలి, మళ్లీ మడి తవ్వాలి."

అత్త తల ఎత్తలేదు. అంటుకుపోయిన గింజల్ని వేలితో విడదీస్తూ కూర్చుంది. కోడలు సంచి విప్పి చీరలన్నీ బీరువాలో పెట్టేసింది. ఒకటి పట్టక చేతిలో మిగిలిపోయింది. పక్కనే కొక్కెం ఖాళీగా ఉంది. దానికి తగిలించబోయి, మనసొప్పక, మంచం మీద పెట్టేసింది.