దుర్భిణికి ఆనని బట్టమేక

పెద్ద ఈరన్న సర్కారును అడిగింది పది రోజులు. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆత్మకూరు దారిలో నలభై ఎకరాల గడ్డి బీడు ఉంది. దాన్ని దున్ని విత్తనాల ఫారం చేస్తామన్నారు. చేసుకోనీ, ఈరన్నకు పేచీ లేదు, గొర్రెలను ఇంకో దిక్కుకు తోలుకుంటాడు. కానీ ఆ బీడు నడుమ ఒక బట్టమేక గుడ్డు పెట్టి పొదుగుతోంది. నిలబడితే మనిషి నడుము దాకా వచ్చే పక్షి అది. పెట్టేది ఒకే ఒక్క గుడ్డు, అదీ వట్టి నేల మీద. పిల్ల బయటపడి తల్లి వెంట నడిచేదాకా ట్రాక్టరు ఆపమని అడగడానికి ఈరన్న కర్నూలు వెళ్ళాడు.

కర్నూలు అప్పుడే రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్ళు చాలక గుడారాలు వేశారు. ఒక గుడారంలో కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా అర్జీలు రాస్తున్నాడు.

"బట్టమేక గుడ్డు పెట్టిండాది సామీ, పది దినాలు బీడు దున్నకుండా ఆపల్ల" అన్నాడు ఈరన్న.

గుమాస్తా కలం కింద పెట్టి పడీ పడీ నవ్వాడు. పక్క బల్లవాణ్ణి పిలిచి, "విన్నారా అండీ, ఈయన మేక గుడ్డు పెట్టిందట!" అన్నాడు.

"మేక కాదు సామీ, పిట్ట. దాని పేరే అట్ల."

"మేకంటావు, పిట్టంటావు. ముందు అదేదో తేల్చుకో" అని గుమాస్తా తనకు తోచింది రాశాడు. 'సదరు ఆసామీ మేక బీడులో తప్పిపోయినది' అని రాసి, పశువుల డాక్టరుకు పంపమని మడిచాడు. ఈరన్నకు చదువు రాదు. బయట ఎవరో చదివి చెప్పేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాను పిలుస్తున్న పేరు అది. ఆ పేరు తెలియనివాడు నవ్వొచ్చు గానీ, తెలిసినవాడి నోట్లో మాట మార్చి రాయడమేమిటి?

గట్టిగా అరిచాడు. ఆ అరుపుకే పక్క గుడారంలోంచి రామకృష్ణారావు బయటికొచ్చాడు. పెద్ద ఆఫీసరు, పక్షులంటే ప్రాణం పెడతాడని పేరు. "బట్టమేకా? నిజంగానా? ఎక్కడోయ్?" అంటూ ఈరన్న భుజం పట్టుకున్నాడు. "నేను చూసి కాగితం రాస్తే ట్రాక్టరు ఆగుతుంది. శనివారం వస్తాను."

ఈరన్న వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. తర్వాత ఆ దండం తలచుకున్నప్పుడల్లా అతనికి సిగ్గేసేది.

శనివారం జీపు వచ్చింది. మడత కుర్చీ దిగింది, ప్లాస్కు దిగింది, తోలు పెట్టెలోంచి దుర్భిణి దిగింది. జర్మనీ నుంచి తెప్పించుకున్నదట. ఆయన దాన్ని పట్టుకునే తీరు చూస్తే పసిబిడ్డను ఎత్తుకున్నట్టే ఉంది.

"అదో సామీ, ఆ ఒంటి తుమ్మచెట్టు ఉండాదే, దానికి ఎడమపక్క. గడ్డిలో తల కనపడ్తాండాది చూడు."

ఆయన చూశాడు. ఎండ సెగకు బీడంతా నీళ్ళలా కదులుతోంది. "ఏమీ లేదే" అన్నాడు. ఇంకో గంట చూశాడు. అద్దం తుడిచాడు, దుమ్ము ఊదాడు, ఊరికే కూర్చోలేక మాటల్లో పడ్డాడు.

"ఇంకో పదేళ్ళు ఆగితే చూడు ఈరన్నా, దుర్భిణులు ఎలా వస్తాయో. గాలి కూడా దూరకుండా మూసేస్తారు, ఇక దుమ్మూ చెమ్మా మాటే ఉండదు. చెయ్యి వణికినా బొమ్మ వణకదు. అద్దం మీద పూసే పూత ఇప్పటికే వచ్చింది, అది ఇంకా బాగుపడితే మునిమాపు వేళ కూడా మిట్టమధ్యాహ్నంలా కనిపిస్తుంది. బరువు సగమవుతుంది. పిట్ట ఎన్ని గజాల దూరంలో ఉందో లోపలే అంకె పడుతుంది. ఎవరు చూశారూ, పిట్ట పేరు కూడా అదే చెబుతుందేమో!"

మొదట ఈరన్న నోరు తెరుచుకునే విన్నాడు. మనిషి తెలివి ఎంతదూరం పోతుందో అని సంతోషమే కలిగింది. పిట్ట పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెరిచిన నోరు మూసుకున్నాడు. పిట్ట పేరు తాను చెబుతూనే ఉన్నాడు కదా! పొద్దున్నుంచి వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాడు కదా!

"సామీ, ఒక ఉపాయం చెప్తా. ఈ గొంగళి కప్పుకోని, నడుం వంచి గొర్రెల నడుమ నడువు. గొర్రెలను చూసి అది ల్యాయదు, ఎగిరిపోదు. పదడుగుల్లో చూపిస్తా."

ఆయన ముక్కు చిట్లించాడు గానీ కప్పుకున్నాడు. ఆ ఒక్కదానికి ఆయన్ను మెచ్చుకోవాల్సిందే. గొర్రెలు మేస్తూ కదిలాయి, వాటి నడుమ ఇద్దరూ కదిలారు. పదడుగుల దూరంలో బట్టమేక కూర్చుని ఉంది. నల్లటి నెత్తి, తెల్లటి పొడుగు మెడ, గొర్రెలను చూస్తూ రెప్ప వాలుస్తోంది. ఆయన గొంగళి లోపలి నుంచి దుర్భిణి తీసి కళ్ళకు పెట్టుకున్నాడు.

"మసకగా ఉందోయ్" అని గొణిగాడు. చక్రాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాడు. "అంతా మసకే. మరీ దగ్గరైంది. వెనక్కి జరగాలి."

"వద్దు సామీ! గొర్రెలు దాటి పోతే అది ల్యాస్తాది. అద్దం దించి కండ్లతో చూడు!"

ఆయన దించి ఒక్క క్షణం చూశాడు. చూశాడు, ఈరన్న ఒట్టు పెట్టి చెప్పగలడు, ఆయన ముఖం వెలిగింది కూడా. మళ్ళీ దుర్భిణి ఎత్తాడు, మళ్ళీ మసక.

జీపు దగ్గరికి వచ్చాక ఆయన గొంగళి తీసిచ్చి అన్నాడు: "అదే కావచ్చు. కానీ కావచ్చు అని కాగితం మీద రాయలేను. మెడ కింద పట్టీ, రెక్క మీద చుక్కలు దుర్భిణిలో చూసి రాసుకుంటేనే నలుగురూ ఒప్పుకుంటారు. ఇంత దగ్గరి వస్తువును చూపే దుర్భిణి ఇంకా రాలేదోయ్. వస్తుంది. అదే ముందు బాగుచేయాల్సింది."

ఈరన్న గొంగళి దులిపి భుజాన వేసుకున్నాడు. జీపు లేపిన దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

సోమవారం డోన్ నుంచి వచ్చిన డ్రైవరు బసవరాజు ట్రాక్టరును బీడులోకి దింపుతూ, పైనుంచి వచ్చిన కాగితం చదివి వినిపించాడు. 'పక్షి ఉనికి నిర్ధారణ కాలేదు. సమీపంలోని వస్తువులను స్పష్టముగా చూపు కొత్త దుర్భిణి మంజూరైన యెడల మరల పరిశీలించవచ్చును.'

మూడో చాలులోనే బసవరాజు బ్రేకు తొక్కాడు. సీటు మీద నుంచే అరిచాడు. "అదేనా అప్పా నీ బట్టమేక? ఇంత పెద్దది ఆయప్పకు కనపడల్యాదా?"

అతను మంచివాడు. గుడ్డు చుట్టూ ఒక నూర్పిడి కళ్ళమంత గడ్డి వదిలేసి తక్కినది దున్నాడు. కానీ ఆ మోతకు తల్లి అప్పటికే లేచిపోయింది. సాయంత్రం ఒకసారి పైన తిరిగింది, వాలలేదు. మర్నాడు అసలే రాలేదు. మూడో రోజు పొద్దున ఈరన్న వెళ్ళి గుడ్డు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. రాయిలా చల్లబడింది. నడి బీడులో కూలబడి, అయినవాళ్ళు పోతే ఏడ్చినట్టు ఏడ్చాడు.

గుడ్డును గొంగళిలో చుట్టుకుని కర్నూలు బస్సెక్కాడు. రామకృష్ణారావు బల్ల మీద పెట్టాడు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అదే! సందేహం లేదు, అదే గుడ్డు!" అంటూ కొలబద్ద తీశాడు, పొడవు రాశాడు, రంగు రాశాడు. "ఇప్పుడు రాస్తానోయ్ కాగితం! దీన్ని మద్రాసు మ్యూజియానికి పంపిస్తాను. కింద నీ పేరు కూడా వేయిస్తాను."

"ఏమప్పా" అన్నాడు ఈరన్న.

సామీ పోయి అప్పా వచ్చేసరికి గుడారంలో కలాలన్నీ ఆగాయి.

"ఏమప్పా, పదడుగుల్లో తల్లి బతికి కూసోనుంటే నీకు నమ్మకం రాల్యా. సచ్చిన గుడ్డు తెస్తే నమ్ముతాండావు. నీ అద్దాలను ఎంతన్నా బాగుచేయించుకో. దూరం సూపియ్యనీ, దగ్గర సూపియ్యనీ. నా మాట నీకు యా అద్దంలో కనపడ్తాదప్పా?"

"ఆగవోయ్, అది సాక్ష్యం, తీసుకోకు" అంటూ ఆయన చెయ్యి చాచాడు. ఈరన్న ఆ చేతి కింది నుంచే గుడ్డు తీసుకుని గొంగళిలో చుట్టుకుని బయటికి నడిచాడు. ఎవరూ అడ్డం రాలేదు.

రామకృష్ణారావు మాట తప్పలేదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. పది రోజులు ట్రాక్టరు ఆపమని హుకుం మర్నాడే బీడుకు చేరింది. బసవరాజు దాన్ని పట్టుకుని, అంచు నుంచి అంచు దాకా దున్నిన నల్లటి నేల మీద ఈరన్న కోసం చూశాడు. గడ్డి వదిలిన చోట ఈరన్న గొంగళి మూట పక్కన పెట్టుకుని గుంట తీస్తూ కనిపించాడు. బసవరాజు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని అటు నడిచాడు.